తెరమీది తెలుగు పాఠములు: ఒక పరామర్శ

పుస్తకము వెలువడినచో దానికి విమర్శకు లుందురు. నాటక మాడినచో మరునాటి యుదయమే మంచిచెడ్డలు చెప్పుకొనువా రుందురు. హరికథకుడు తాళము తప్పినచో వెనుక వరుసలోని వృద్ధుడు సయితము గొణుగును. కాని నేడు మన బిడ్డలలో అనేకులకు గురుస్థానమున కూర్చున్న తెరమీది పాఠమునకు మాత్రము మన సంఘములలో విమర్శకుడు పుట్టలేదు. దానిని ఎన్ని లక్షలమంది చూచిరో అంకె తెలియును. అది చూచి ఒక్క బాలుడైనను ఒక్క పంక్తి చదువనేర్చెనా యన్నది తెలియదు. ఈ సంచికకు సాహిత్యవ్యాస మొకటి వ్రాయుడని మమ్ము కోరిన మిత్రులు ఏదేని ప్రబంధమును గూర్చి వ్రాయుదుమని తలచియుందురు. మేము ఎస్.ఎస్.ఎల్.సి.తో చదువు చాలించి, ఉద్యోగకాలమంతయు కచ్చేరీ కాగితముల నడుమ గడిపినవారము. ప్రబంధవిమర్శకు మాకంటె సమర్థులు పెక్కండ్రు గలరు. పాఠము వినువానికి అర్థమగుచున్నదా లేదా యని చూచుటకు మాత్రము అంత పాండిత్య మక్కరలేదు. వెనుక బల్లమీద కూర్చుండు ఓపిక చాలును. ఆ ఓపిక మాకు గలదు.

తెలుగునాట నున్నవారికి ఇది అంత గంభీరమైన విషయముగ తోచకపోవచ్చును. అచ్చట బాలుడు వీడియో చూడకున్నను అంగళ్ళ పలకలమీద, బస్సులమీద, గోడలమీద తెలుగక్షరము వాని కంట బడుచునే యుండును. మన స్థితి వేరు. హోసూరు, కృష్ణగిరి ప్రాంతములను తీసికొందము. తమిళనాడు ప్రభుత్వము 2006లో చేసిన చట్టము ననుసరించి 2006-07 విద్యాసంవత్సరమున ఒకటవ తరగతితో మొదలిడి, ఏటేట ఒక్కొక్క తరగతిగా తమిళము తప్పనిసరి పాఠ్యాంశ మయ్యెను. 2015-16 నాటికి అది పదవ తరగతికి చేరెను. ఉన్నచోటి భాష నేర్వవలదని మేము చెప్పము. ఉన్నచోటి నీరు త్రాగుచు ఆ చోటి మాట నేర్వకుండుట మర్యాద కాదు. అయితే తెలుగునకు బడిలో మిగిలిన గంట మాత్రము క్రమముగా చిక్కిపోయెను. అనేక కుటుంబములలో తెలుగు చెవికిని నోటికిని మిగిలినది. కంటికిని చేతికిని అందుటలేదు. బరంపురమున, షోలాపురమున, బెంగుళూరున కారణములు వేరైనను ఫలము ఇంచుమించు ఇదియే. యానామువారి సంగతి వేరు. అచ్చట తెలుగే ఊరిభాష.

ఇట్టి పరిస్థితిలో సంఘములు ఆదివారపు తరగతులు పెట్టినవి. గది దొరకును, బల్లలు దొరకును, బిడ్డలు సయితము వత్తురు. ఉపాధ్యాయుడు దొరకడు. వెనుకటి తెలుగు పంతుళ్ళు విశ్రాంతి గైకొనిరి. క్రొత్తవారు ఆ విద్యతో జీవనము గడువదని తెలిసి వేరుత్రోవ పట్టిరి. కనుక గోడకు తెల్లగుడ్డ కట్టి, ప్రొజెక్టరు పెట్టి, ఇంటర్నెట్టు నుండి పాఠము తెచ్చి చూపుట వాడుకయైనది. ఇది తప్పని మే మనము. ఎవరి పాఠము, ఎంతసేపు, ఏరీతిని చూపుచున్నారన్నదే మా ప్రశ్న.

తెర చదువు చెప్పునన్న ఆశ క్రొత్తది కాదు. 1913లోనే అమెరికాలో థామస్ ఎడిసన్ బడులలో పుస్తకములకు త్వరలో కాలము చెల్లుననియు, చలనచిత్రములచేతనే సమస్తమును బోధింపవచ్చుననియు చెప్పియుండెను. నూరేండ్లు దాటినవి, పుస్తకములు బడులలోనే యున్నవి. మన దేశమున 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు అమెరికావారి ఎ.టి.ఎస్.-6 ఉపగ్రహము సాయముతో ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజను ప్రసారములు చేసిరి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా రాష్ట్రములును గలవు. ఉదయము బాలురకు, సాయంకాలము పెద్దలకు కార్యక్రమము లుండెడివి. ఏడాది గడువు తీరగనే ఆ ఉపగ్రహము మనకు దక్కకుండ పోయెను. పిదప 2004 సెప్టెంబరు 20న విద్యకొరకే ఎడ్యుశాట్ అను ఉపగ్రహమును మనవారే ఎగురవేసిరి. ఈ ప్రయత్నము లన్నింటను ఒక లోప ముండెను. ప్రసారము తన వేళకు వచ్చును, తన వేళకు పోవును. బాలునకు తుమ్ము వచ్చినను, ఉపాధ్యాయునకు సందేహము వచ్చినను అది ఆగదు.

2005లో యూట్యూబు వెలసిన తరువాత మారిన దిదియే. పాఠము ఆపవచ్చును, వెనుకకు త్రిప్పవచ్చును, రేపు మరల చూడవచ్చును. మిగిలిన హంగు లన్నియు దీని తరువాతనే. దీని విలువ మొదట గ్రహించినవారిలో సల్మాన్ ఖాన్ ఒకరు. ఈయన సినిమానటుడు కాడు; అమెరికాలో ఆర్థికసంస్థయందు పనిచేసిన ఉద్యోగి. 2004లో దూరపుటూర నున్న తన బంధువుల బాలికకు గణితము చెప్ప మొదలిడి, 2006లో ఆ పాఠములను యూట్యూబులో నుంచెను. ఆ తొలిపాఠములలో ఆయన ముఖము కనబడదు. నల్లని తెరమీద రంగు గీతలతో లెక్క నడచుచుండును, ప్రక్కన గొంతు వినబడుచుండును, అంతే. ఎదుట కూర్చుండి చెప్పుటకంటె ఈ వీడియోలే తమకు మేలుగ నున్నవని ఆ పిల్లలు చెప్పిరని ఆయనయే పలుచోట్ల తెలిపియున్నాడు. కారణము విచిత్రమైనది కాదు. తెలిసియుండవలసినది తెలియలేదని ఒప్పుకొనుట పిల్లలకు సిగ్గు. తెర ముందర ఆ సిగ్గు లేదు. పదిమార్లు వెనుకకు త్రిప్పినను తెర విసుగుకొనదు, నిట్టూర్చదు, 'ఇంతమాత్రము తెలియదా' యని కనుబొమ్మ లెత్తదు.

మన బిడ్డల విషయమున ఈ గుణము పదిరెట్లు విలువైనది. మన యిండ్లలో పన్నెండేండ్ల పిల్ల తెలుగున గలగల మాటలాడును, తగవులాడును, సినిమాపాట పాడును. 'అ'కును 'ఆ'కును భేదము నెరుగదు. ఆ పిల్లను ఆరేండ్ల పసివారి ప్రక్కన కూర్చుండబెట్టి అక్షరములు దిద్దుమనిన యెడల మరుసటి ఆదివారము కడుపునొప్పి వచ్చును. ఆ కడుపునొప్పికి మందు ఇంటిలో తలుపు మూసికొని చూచుకొను ఒక మంచి వీడియో. తరగతిలో చూపు పాఠమునకంటె ఇంట ఒంటరిగ చూచు పాఠమే ఇట్టివారికి మేలని మేము గమనించితిమి. దీనిని సంఘములు గుర్తింపవలసియున్నది.

తెరకు గల రెండవ గుణము చేయి కనబడుట. గోడపటమున 'అ' పూర్తిగ తయారై కూర్చుండియుండును. బాలుడు దానిని బొమ్మగ భావించి తోచినచోట మొదలుపెట్టి గీయును. మంచి వీడియోలో చేయి ఎచ్చట నాని, ఎటు తిరిగి, తలకట్టు ఎప్పుడు పెట్టినదో చూడవచ్చును. వ, మ అక్షరములకు గల భేదము. ప, ష, ఫ అక్షరములకు గల భేదము. వత్తు క్రింద నిలుచుటకును ప్రక్క నిలుచుటకును గల భేదము పటముకంటె చేతిని చూచినచో స్పష్టముగ తెలియును. పూర్వము పంతులు బాలుని చేయి పట్టి ఇసుకలో దిద్దించెడివాడు. వీడియో చేయి పట్టలేదు, చూపగలదు. దానికి ఆ పేరు ఇచ్చినచో చాలును. అంతకుమించి ఇచ్చుటయే చిక్కు.

ఇక దోషములు. మేము గత సంవత్సరమున చూచిన తెలుగక్షరముల వీడియోలలో అధికభాగము ఒకే అచ్చున పోసినట్లున్నవి. కండ్లు మిరుమిట్లు గొలుపు రంగులు, ఎగురు కోతిపిల్ల, ఆగని డప్పు. అక్షరము వచ్చి నిలుచు క్షణమునకంటె కోతిపిల్ల కుప్పిగంతు ఎక్కువసే పుండును. బాలునకు గుర్తుండునది కోతిపిల్ల. పాఠముతో సంబంధములేని బొమ్మయు, చప్పుడును అభ్యాసమునకు ఆటంకములని అమెరికాలో రిచర్డ్ మేయర్ మొదలగు విద్యాశాస్త్రజ్ఞులు పరిశోధించి చెప్పిరి. ఆ మాట చెప్పుటకు పరిశోధన యేల, మన అవ్వలకు తెలియదా యనవచ్చును. తెలియును, వీడియో తీయువారు మన అవ్వలను అడుగలేదు.

దీనికంటె కొంపముంచు దోష మొకటి గలదు. పెక్కు పాఠములలో తెలుగు పదము క్రింద ఇంగ్లీషు అక్షరములతో దాని ఉచ్చారణ వ్రాసియుందురు. ఇది ప్రవాసులకు ఉపకారమని తలచి చేసిన పని. ఫలము అపకారము. బాలుని కన్ను తెలిసిన అక్షరమునే వెదకికొని పోవును. 'అమ్మ' యని పైన వ్రాసియున్నను వాడు క్రింది ఇంగ్లీషు అక్షరములు చూచి 'అమ్మ' యనును, పాఠము వచ్చినదని అందరును చప్పట్లు కొట్టుదురు. మేము తెరమీద ఆ క్రింది వరుసకు అట్టముక్క అడ్డము పెట్టించి చూచితిమి. చప్పట్లు కొట్టించుకొన్న పిల్లలలో పలువురు మౌనము వహించిరి. ఇట్టి వీడియోను వాడక తప్పనియెడల ఆ వరుస కనబడకుండ చేయుట మొదటిపని.

మరియొకటి. ఈ పాఠములు చేయువా రందరును తమ యెదుట హైదరాబాదు బాలుడో, విజయవాడ బాలుడో, అమెరికాలోని బాలుడో యున్నట్లు భావించి చెప్పుదురు. తెలంగాణ ప్రభుత్వపు టి-శాట్ పాఠములు గాని, 2017లో కేంద్రప్రభుత్వము వారు ఆరంభించిన దీక్ష వేదికలో పాఠ్యపుస్తకపు గళ్ళగుర్తు ద్వారా దొరకు పాఠములు గాని శ్రద్ధతో చేసినవే యైనను అచ్చటి తరగతులకొరకు, అచ్చటి పరీక్షలకొరకు చేసినవి. అందులకు వారిని తప్పుపట్టుట న్యాయము కాదు. కాని మన బాలుడు తెలుగక్షరమును వట్టిచేతులతో సమీపించువాడు కాడు. మరియొక లిపి నప్పటికే నేర్చియుండును. ఆ లిపిని బట్టి వాని కష్టము మారును. తమిళ మెరిగిన బాలునకు క, ఖ, గ, ఘ నాలుగింటికి ఒకే అక్షరము అలవాటు. వాడు 'గంట' యని శుద్ధముగ పలుకును, వ్రాయబోవునప్పుడు తికమకపడును. కన్నడ మెరిగిన బాలునకు తెలుగు లిపి తోబుట్టువు వంటిది. రెండు లిపులను ప్రక్కప్రక్క పెట్టి చూపినచో కొలది దినములలో చదువగలడు. వానికి నెలలకొలది కోతిపిల్లను చూపుట వానిని అవమానించుటయే. ఒడియా, మరాఠీ చదివిన బాలునకు వర్గాక్షరము లన్నియు వరుసగ వచ్చును. కాని ఎ-ఏ, ఒ-ఓ భేదము వాని లిపిలో లేదు, అచ్చటనే పాఠము నిలువవలెను. ఈ నలుగురికిని ఒకే వీడియో చూపుచున్నాము. నాలుగు జబ్బులకు ఒకే మాత్ర యిచ్చు వైద్యుని మన మేమందుము?

భాషను గూర్చి చెప్పుటకు కొంచెము సంకోచించుచున్నాము, అయినను చెప్పవలెను. వీడియోలలో కథ చెప్పునది 'బామ్మ', ఊరినుండి వచ్చువాడు 'బాబాయి', సరకులు కొనునది 'షాపు'లో. మా ప్రాంతపు పిల్లలకు అవ్వ యున్నది, చిన్నాయన యున్నాడు, అంగడి యున్నది. ఇంట సంగటి తినివచ్చిన పిల్లకు తెరమీది తెలుగు వేరొకరి తెలుగుగ వినబడును. ఒక బాలిక మా యెదుటనే ఉపాధ్యాయురాలితో 'మేము ఇంట్లో మాట్లాడేది తెలుగు కాదా టీచర్?' అని యడిగెను. ఆమె మంచి జవాబు చెప్పినది. కాని ఆ ప్రశ్న పుట్టించిన పాఠమును మనమే డబ్బుపెట్టి గోడమీద చూపితిమి. అంగడి యన్నది గ్రంథములలో నున్న అచ్చమైన తెలుగుమాట. తెరకు దాని సంగతి తెలియకున్న ఆ లోపము తెరదే. తరతరములుగ తెలుగునాటికి దూరముగ నుండి కాపాడుకొన్న మాటలను, తెలుగు నేర్పు నెపముతో మనమే చెరిపివేసికొనుట విపరీతము. కి. రాజనారాయణన్ ఇంట తెలుగు మాటలాడు కుటుంబమున పుట్టి, తమిళమున వ్రాసి, 1991లో సాహిత్య అకాడమీ బహుమానము పొందిరి. ఆయన ప్రతిభ తమిళమునకు దక్కినందుకు విచారింపనక్కరలేదు. అట్టివారి యింటిమాట తెలుగక్షరమున ఎక్కు దారి యేదని మాత్ర మడుగుచున్నాము. స.వెం. రమేశ్ ప్రళయకావేరి కథలు చదివినవారికి ఆ దారి గలదని తెలియును. పులికాటు సరస్సు ప్రాంతపు ఇంటి తెలుగు అచ్చులో ఎంత నిండుగ నుండునో ఆ పుస్తకము చూపినది.

మూడేండ్ల లోపు పసివారిని తెరముందు కూర్చుండబెట్టి 'తెలుగు వచ్చును లే' యని తృప్తిపడు తల్లిదండ్రులును గలరు. వీరు ఒక పరిశోధన సంగతి తెలిసికొనవలెను. 2003లో అమెరికాలోని సియాటిల్ నగరమున పట్రీషియా కూల్ అను శాస్త్రవేత్తయు ఆమె సహచరులును తొమ్మిది నెలల పసికందులకు చీనాభాష వినిపించిరి. కొందరికి మనిషి ఎదుట కూర్చుండి బొమ్మలు చూపుచు పన్నెండుమార్లు మాటలాడెను. కొందరికి అట్టి మాటలనే వీడియోలో చూపిరి. మనిషిని చూచినవారు చీనాధ్వనుల భేదమును పసికట్టిరి. వీడియో చూచినవారికి ఏమియు రాలేదు. ఇది పసికందుల సంగతి, బడిపిల్లలకు యథాతథముగ వర్తింపదు. అయినను ఉయ్యాలలోని బిడ్డకు ఫోను అందించి మాతృభాష నేర్పుచున్నామనుకొను ఇండ్లకు ఇది నేరుగ వర్తించును. అవ్వ ప్రక్కగదిలోనే యుండగ బిడ్డకు తెరమీది బామ్మను చూపు ఇండ్లను మే మెరుగుదుము.

తరగతిలో చూపు తీరును గూర్చి ఇక చెప్పుదుము. ఇద్దరు ఉపాధ్యాయులను చూచితిమి, పేర్లతో పనిలేదు. ఒకరు అరగంట వీడియో పెట్టి, దీపము లార్పి, తాము హాజరుపట్టీ పూర్తి చేసికొనిరి. దీపములు వెలిగించినప్పుడు వెనుక వరుస పిల్ల లిద్దరు నిద్రించుచుండిరి. రెండవ వారు నాలుగు నిమిషములు చూపి ఆపిరి. 'ఇప్పుడు వచ్చిన అక్షర మేది?' అని యడిగిరి. పిల్లలు పలకమీద వ్రాసి పైకెత్తి చూపిరి. తప్పు వ్రాసినవారికొరకు మరల వెనుకకు త్రిప్పి అదే చేతిని చూపిరి. మరల నాలుగు నిమిషములు. గంట ముగియునప్పటికి చూచిన వీడియో పండ్రెండు నిమిషములకు మించలేదు. పిల్లల చేతులకు సుద్దపొడి యంటినది. ఏ తరగతి మెరుగని వేరుగ చెప్పనేల.

ఈ రెండవ పద్ధతికి శాస్త్రబలమును గలదు. 2014లో ఎడెక్స్ అను ఆన్‌లైన్ విద్యాసంస్థ పాఠములను ఫిలిప్ గువో మొదలగువారు పరిశీలించి, సుమారు 69 లక్షల వీక్షణములను లెక్కగట్టిరి. పాఠ మెంత నిడివిగ నున్నను చూచువారి దృష్టి సగటున ఆరు నిమిషములకు మించి నిలుచుటలేదని తేలెను. చూచినవారు పెద్దవారు, తామై కోరి చేరినవారు. వారికే ఆరు నిమిషము లైనచో తొమ్మిదేండ్ల బాలునకు అరగంట పెట్టుట యెట్టిదో ఊహింపవచ్చును. 2013లో హార్వర్డు విశ్వవిద్యాలయమున మరియొక ప్రయోగము జరిగెను. ఇరువదియొక్క నిమిషముల వీడియోపాఠమును నాలుగు ముక్కలు చేసి, ఒక జట్టునకు ప్రతి ముక్క తరువాత చిన్నపరీక్ష పెట్టిరి. ఆ జట్టువారి మనస్సు చెదరుట తగ్గినది, వ్రాసికొనుట పెరిగినది, కడపటి పరీక్షలో ఫలితమును మెరుగైనది. పాఠము అదే, తెర అదే. నడుమ ఆపి యడుగుటయే భేదము.

ఖర్చులను గూర్చియు, సౌకర్యములను గూర్చియు రెండు మాటలు. 2020 మార్చిలో కరోనా వలన బడులు మూసినప్పుడు ఒక సంగతి అందరును చూచితిమి. చదువు ఫోనులోనికి పోయెను. ఫోను తండ్రి జేబులో నుండెను. తండ్రి చీకటిపడిన గాని యిల్లు చేరడు. ఇద్దరు పిల్ల లున్న ఇంట పెద్దవానికే పాఠము దక్కినది. ఆడపిల్ల యైనచో వంటింటి పనికి పోయినది. నేటికిని ఇంట చూచుకొమ్మని పాఠము పంపుటకు ముందు ఎవరి చేతిలో ఫోను గలదో సంఘములు విచారింపవలెను. తరగతి గదిలోనైనను పాఠము నడుమ తెరమీద చక్రము తిరుగ నారంభించినచో పిల్లల కట్టుబాటు చెడును. ముందే దింపి భద్రపరచుకొనుట మేలు. ప్రకటనల బెడద కూడ దానితో తప్పును. 'ఇ' తరువాత 'ఈ' రావలసిన చోట పేకాట ప్రకటన వచ్చుట మేము కన్నులార చూచితిమి. ఒక వీడియో ముగియగనే మరియొకటి తనంతట తానే మొదలగు ఏర్పాటును మొట్టమొదటనే తీసివేయవలెను.

ఇంతవరకు దోషములే యెక్కువ చెప్పితిమి. మన కుటుంబములకు నిజముగ పనికివచ్చు ఉపాయ మొకటి గలదు. దానిని గూర్చి మన సంఘములలో చర్చ జరిగినట్లు మేము వినలేదు. 1996లో అహమ్మదాబాదులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్‌నందు బ్రిజ్ కొఠారీ అను ఆచార్యుడు ఒక యోచన చేసెను. సినిమాపాట టెలివిజనులో వచ్చునప్పుడు ఆ పాట మాటలను ఆ భాషాలిపిలోనే తెర అడుగున చూపి, పాడుచున్న మాట వెంట రంగు మారునట్లు చేయుట. 1999లో అహమ్మదాబాదు దూరదర్శన్‌లో గుజరాతీ పాటలకు దీనిని అమలుపరచిరి. పాట వచ్చినవానికి తరువాతి మాట యేదో ముందే తెలియును. కన్ను దానిని అక్షరములలో పట్టుకొనును. కొద్దో గొప్పో అక్షరజ్ఞానము గలవారికి చదువు సాఫీయగుటకు ఈ పద్ధతి తోడ్పడినట్లు కనుగొనిరి.

ఇది మనకొరకే పుట్టినట్లున్నది. మన పిల్లలకు తెలుగు చదువ రాదు. తెలుగు పాటలు వందలు కంఠస్థములు. హోసూరు నుండి బరంపురము దాక తెలుగు సినిమా చేరని తెలుగిల్లు లేదు. తమిళమును, కన్నడమును, ఒడియాను బడి నేర్పినది. తెలుగును ఇంతకాలము కొంతవరకైనను నిలిపినది సినిమాపాటయే యనినచో పండితులు కోపగింపవచ్చును గాని మేము కాదనలేము. ఆ పాటలను తెలుగులిపితో చూపు వీడియోలు ఇంటర్నెట్టులో దొరకుచున్నవి. అయితే ఇచ్చటను ఇంగ్లీషు అక్షరముల బెడద గలదు, అచ్చుతప్పులకును కొదువలేదు. ళ ఉండవలసిన చోట ల, ణ ఉండవలసిన చోట న వేసినవానిని ఏరివేయవలెను. వారమున కొక పాట యెంచి, మొదట పాడించి, పిదప చప్పుడు తీసివేసి తెరమీది మాటలను చదివించినచో తెలియును. మా తరగతిలో మూడు ఆదివారములు ఈ విధముగ చేయించితిమి. చప్పుడు తీసివేసినప్పుడు పిల్లలు మొదట నవ్విరి, తరువాత తెరకు దగ్గరగ జరిగిరి. ఇదివరలో కడుపునొప్పి వచ్చు పిల్ల కూడ జరిగినది.

మన పాఠములను మనమే తీసికొనుట మిగిలియున్నది. దీనికి స్టూడియో యక్కరలేదు. ఫోను, వెలుతురుగల వసారా, పొడుగుకథ తెలిసిన అవ్వ చాలును. ఐదు నిమిషముల కథ. అవ్వ మాటయే, దిద్దుబాటు వలదు. అడుగున ఆ మాట పలికినట్లే తెలుగక్షరములలో. వంటింటి సామగ్రి, పొలపు పనిముట్లు, మగ్గపు భాగములు ఏ యూర ఏ పేరున పిలుతురో చూపు చిన్న వీడియోలు షోలాపురము పద్మశాలీ కుటుంబములు చేయగలవు, బళ్ళారి రైతుకుటుంబములు చేయగలవు. తమిళ మెరిగినవారికొక అక్షరపాఠము, కన్నడ మెరిగినవారికొకటి, ఒడియా మెరిగినవారికొకటి, మరాఠీ మెరిగినవారికొకటి: ఈ నాలుగింటిని నాలుగు రాష్ట్రముల సంఘములు పంచుకొనినచో ఎవరిమీదను భారము పడదు.

ఉద్యోగకాలపు అలవాటు పోక మేము ఒక రిజిస్టరు తెరచితిమి. చూచిన ప్రతి వీడియోకు ఒక పంక్తి: నిడివి, ఇంగ్లీషు అక్షరము లున్నవా, చేయి కనబడుచున్నదా, ఎచ్చట ఆపవలెను, ఆపి యేమి యడుగవలెను, పిల్లలు ఏమి వ్రాసిరి. కడపటి గడిలో ఉపాధ్యాయుని సంతకము. ఇప్పటికి నలుబదియొక్క వీడియోలు ఎక్కినవి. వానిలో తరగతిలో చూపదగినవిగ మేమును ఉపాధ్యాయులును అంగీకరించినవి తొమ్మిది. రిజిస్టరు సంఘపు గదిలో కిటికీ ప్రక్క అలమరలో నుండును. ఇతరప్రాంతముల సంఘములవారు కోరినచో ప్రతి వ్రాయించి పంపుదుము. వారు తాము చూచినవి చేర్చి పంపినచో ఆ పంక్తుల నీ పట్టికలో ఎక్కించుదుము.